కర్తయా, కరణమా? – ట్రేసీ కిడరు యంత్రచరిత్ర విమర్శము

పనిచేసి యలసినవానికి నిద్రయే మందు. నిద్రచేతఁ దీఱని యలసట యొకటి కలదని యీ కాలపు మనశ్శాస్త్రజ్ఞులు కనిపెట్టి దానికి ‘బర్నౌట్’ అని పేరిడిరి. 1974వ సంవత్సరమున హెర్బర్టు ఫ్రాయిడెన్‌బర్గరను మనశ్శాస్త్రజ్ఞుఁడు ఉచితవైద్యశాలలో స్వచ్ఛందముగాఁ బనిచేయువారి స్థితిని వర్ణించుచు నీ శబ్దమును శాస్త్రవ్యవహారమునకుఁ దెచ్చెను. పిమ్మటఁ గ్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ అను వారిరువురు దానిని గొలుచుట కొక మానమును 1981లోఁ బ్రకటించిరి. 2019లోఁ బ్రపంచారోగ్యసంస్థ తన వ్యాధివర్గీకరణపు పదునొకండవ కూర్పున దీనికిఁ జోటిచ్చెను. కాని రోగముగాఁ గాక వృత్తిసంబంధమైన యొక యవస్థగా మాత్రమే పరిగణించెను. శక్తి యుడుగుట, పనియెడ వైముఖ్యము కలుగుట, పనియందుఁ దన సామర్థ్యము తగ్గిపోవుట యను మూఁడును దాని లక్షణములుగాఁ జెప్పఁబడినవి.

ఈ యవస్థ యన్ని వృత్తులందును గలదు. అయినను సాఫ్టువేరు వృత్తియందు దీని మాట తఱచుగా వినఁబడుచున్నది. 1998లో హైదరాబాదున సైబర్ టవర్సు తెఱవఁబడినది మొదలు తెలుఁగు కుటుంబములలో నీ వృత్తి యెంతగా వ్యాపించెనో వేఱుగఁ జెప్పఁ బనిలేదు. పట్టణమున నున్న కొడుకు, కడలి కావలనున్న కూఁతురు పండుగకు వచ్చి మూఁడుదినములు నిదురించి లేచియు, నలసితి మనియే చెప్పుదురు. తలిదండ్రుల కది సోమరితనముగాఁ దోఁచును. బిడ్డలకుఁ దమ స్థితిని దెలుపు మాట దొరకదు. కావున నీ వృత్తినిగూర్చిన గ్రంథములలో నుత్తమమైన దానిని బరిశీలించుట తెలుఁగు విమర్శకు లుపేక్షింపఁదగిన పని కాదు.

ముందుగా శబ్దవిచారము. ఇంగ్లీషు మాటయందలి యూహ యేమన, మంట తన కాహారమైనదంతయుఁ దినివేసి యాఱిపోయిన దనుట. దీనిని ‘దహనము’ అనియో ‘భస్మీభావము’ అనియో తెనిఁగించినచో శవదాహము స్ఫురించి యర్థము చెడును. తెలుఁగున నింతకంటె సూక్ష్మమైన పలుకుబడి పూర్వమునుండియు నున్నది. దీపము కొడిగట్టినది యందురు. కొడి యనఁగా వత్తికొనను మాడి గట్టిపడిన మసి. ప్రమిదలోఁ జమురు నిండుగ నున్నను గొడిగట్టిన వత్తి దానిని బైకిఁ దీయఁజాలదు, వెలుఁగు సన్నగిల్లును. ఇల్లాలు పుల్లతోఁ గొడి దులిపినచో నదే చమురుతో నదే వత్తి మరల వెలుఁగును. చమురు లేక యాఱుట వేఱు. చమురుండియుఁ గొడిగట్టి మినుకుమినుకు మనుట వేఱు. మొదటిదానికి విశ్రాంతి చాలును, రెండవదానికిఁ జాలదు. సాఫ్టువేరు పనివాని యలసట యీ రెంటిలో నేది యనునదియే యిచటి ప్రశ్నము.

ఈ ప్రశ్నమును బరీక్షించుటకుఁ దగిన గ్రంథము ట్రేసీ కిడరు రచించిన ‘ది సోల్ ఆఫ్ ఎ న్యూ మెషీన్’. అది 1981లో వెలువడి, మఱుసటి యేఁడు పులిట్జరు బహుమానమును, అమెరికా జాతీయ గ్రంథబహుమానమును బడసినది. మాసచూసెట్సు రాష్ట్రమున వెస్టుబరోలోని డేటా జనరల్ సంస్థవారు 32 బిట్ల కంప్యూటరు నొకదానిని నిర్మించిన వృత్తాంతము దీని వస్తువు. పోటీసంస్థయైన డిజిటల్ ఎక్విప్‌మెంట్ వారు 1977లో వ్యాక్స్ అను యంత్రమును వెలువరింపఁగా, డేటా జనరల్ వారికి దానికి సాటియైన యంత్రము వెంటనే కావలసివచ్చెను. సంస్థవారు తమ యాశ యంతయు నుత్తర కరోలినాలోని తమ వేఱొక బృందముపై నుంచిరి. వెస్టుబరోలో టామ్ వెస్టు అను నాయకుఁడు మాత్రము, చదువు ముగించి యప్పుడే వచ్చిన యువకులఁ జేరఁదీసి ‘ఈగిల్’ అను మాఱుపేరుతో వేఱొక యంత్రమును మొదలిడెను. ఆ యువకులు రెండు తెగలు. ఒక తెగవారు విద్యుద్వలయములను గూర్చువారు. రెండవ తెగవారు మైక్రోకోడు వ్రాయువారు. అనఁగా యంత్రము గ్రహించు నొక్కొక్క యాజ్ఞను సూక్ష్మక్రియలుగా విడఁదీయు ప్రోగ్రామును రచించువారు. కంప్యూటరు నెఱుఁగని చదువరికిఁ గూడ నీ పనుల స్వరూపమును విశదముగాఁ దెలుపుట కిడరు రచన కున్న మొదటి గుణము. పారిభాషికపదమును వాడినచోట దాని ప్రయోజనమును గథలోనే చూపును. వివరణమునకై కథ నాఁపఁడు.

ఈ గ్రంథమున గుణదోషములు రెండును ఒక్కచోటనే యున్నవి. ఆ చోటు చూపుటకు వ్యాకరణశాస్త్రపు కారకప్రకరణము సాయపడును. కర్త స్వతంత్రుఁడని పాణిని లక్షణము చెప్పెను. క్రియాసిద్ధియం దత్యంతోపకారకమైనది కరణము. కర్త తన క్రియచే నన్నిటికంటె నెక్కువగాఁ బొందఁగోరునది కర్మము. ఆ కర్మముచే నెవని నుద్దేశించునో వాఁడు సంప్రదానము. ఒకనిఁ బనికిఁ బురికొల్పువాఁడు ప్రయోజకకర్త. పురికొల్పఁబడి చేయువాఁడు ప్రయోజ్యకర్త. ఇచట నొక విశేషము గలదు. ‘యజమానుఁడు వడ్రంగిచేతఁ దలుపు చేయించెను’ అన్నచోఁ బ్రయోజ్యకర్తయైన వడ్రంగికిఁ దృతీయావిభక్తి వచ్చును. ‘వడ్రంగి యులిచేతఁ దలుపు చెక్కెను’ అన్నచోఁ గరణమైన యులికిని దృతీయయే వచ్చును. వడ్రంగికిని నులికిని విభక్తి యొక్కటే యగుటచే రూపముఁ జూచి యెవఁడు కర్తయో యేది కరణమో పోల్చుకొన వలనుపడదు. అర్థముఁ బట్టియే పోల్చుకొనవలెను.

పోల్చుకొనుటకు వలయు గుఱుతులను భర్తృహరి వాక్యపదీయమునందలి సాధనసముద్దేశమునఁ జెప్పియున్నాఁడు. ఇతరకారకములకంటె ముందే శక్తిఁ బొందియుండుట, వానినిఁ దనకు లోఁబఱచుకొనుట, వాని ప్రవృత్తి తన యధీనమై యుండుట, ప్రవర్తించుచున్నవానిని నిలుపఁగలుగుట, తనకుఁ బ్రతినిధి లేకుండుట మొదలగునవి కర్తయొక్క స్వాతంత్ర్యమునకు గుఱుతులు. వీనిలో నిలుపఁగలుగుటయుఁ బ్రతినిధి లేకుండుటయు నీ విచారమునకు ముఖ్యములు. ఉలి తనంతఁ దా నాఁగదు. ఒక యులి మొక్కవోయిన మఱియొక యులి దాని పనిచేయును. వడ్రంగి యట్టివాఁడు కాఁడు.

కిడరు వర్ణించిన యువకులు మొదటఁ గర్తలే. వారినిఁ జేర్చుకొనునపుడు పని కఠినమనియు, నిండ్లకుఁ బోవు వేళ యుండదనియు ముందే చెప్పి, సమ్మతింతువా యని యడుగుదురు. వాఁడు సమ్మతించుటకు ‘సైనింగ్ అప్’ అని వారిలోఁ బేరు. అది కాగితముమీఁది సంతకము కాదు. మనస్సుతోఁ జేసికొన్న యొడంబడిక. పిమ్మట నొక్కొక్కనికి యంత్రమున నొక పెద్దభాగము నప్పగించి, యిది యిట్లే చేయు మని చెప్పక విడుతురు. నిన్నటివఱకుఁ బాఠశాలలో నున్నవాఁడు నేఁడొక యంత్రమునకుఁ గేంద్రభాగమును గల్పించుచున్నాఁడు. వారు రాత్రులు మేల్కొని పనిచేసిరి. అదనపు గంటలకు వేఱు వేతనము లేదు. అయినను బిలువకయే మరల వచ్చిరి. ఈ పని పిన్‌బాలు యాటవంటిదని వెస్టు భావము. అందు గెలిచినవానికి దొరకు ఫలము మరల నాడుటయే. ఈ భాగమున వారి దేహము లలసినవి గాని వెలుఁగు తగ్గలేదు. తాము కోరినదే కర్మమైనచో శ్రమ కొడి కాదని కిడరు చక్కఁగాఁ జూపినాఁడు.

కాని యా గ్రంథముననే యొక యువకుని ముచ్చట గలదు. అతఁడు యంత్రమునందలి కాలగణనముతో, అనఁగా సెకనులో నూఱుకోట్లవ పాలైన నానోసెకండ్లతో, బహుదినములు పోరాడెను. ఒకనాఁ డతఁడు తన టెర్మినలుపై నొక చీటి వ్రాసిపెట్టి వెడలిపోయెను. వెర్మాంటునందలి సమష్టినివాస మొకదానికిఁ బోవుచున్నాననియు, నిఁక ఋతువులను లెక్కించుకొని బ్రదుకుదుననియు నా చీటి తాత్పర్యము. చదివినవారు నవ్వుదురు, కిడరును దీనిని దేలికగానే చెప్పి ముందునకుఁ బోయినాఁడు. గ్రంథమున నాఁగి చూడఁదగిన స్థల మిదియే. నిలుపఁగలుగుట కర్తయొక్క గుఱుతని పైనఁ జెప్పఁబడెను. ఈ యువకునకుఁ బనిని గొంతసేపు నిలుపుటకుఁ గాని, మందగింపఁజేయుటకుఁ గాని, యీ గడువు తగదని చెప్పుటకుఁ గాని యవకాశము లేకపోయెను. అతనికి మిగిలిన స్వాతంత్ర్య మొక్కటే, విడిచిపోవుట. క్రియను విడిచిననాఁడే తాను గర్తనని యతఁడు నిరూపించుకొన్నాఁడు. కర్తృత్వమును నిరూపించుకొనుటకుఁ గ్రియనే విడువవలసివచ్చుట కంటెఁ గొడిగట్టుటకు వేఱు నిదర్శన మేమి కావలెను?

ఇందుకుఁ బూర్వపక్షము గలదు. యువకులు తమంతఁ దామే సమ్మతించిరి గదా, ఇష్టపడి మోసిన బరువునకు మోపినవాని నేల నిందింపవలె నని యడుగుదురు. సమ్మతి మొదటినాఁటిది, పని యేడాదికిఁ బైఁబడినది. ప్రారంభించుటయందలి స్వాతంత్ర్యము, నిలుపుటయందలి స్వాతంత్ర్యము రెండును వేఱువేఱు. మొదటిదానిఁ జూపి రెండవదానిఁ దీసికొనుట న్యాయము కాదు. అంతియకాక, సంస్థలోపలి పోటీలు, తమ యంత్రముపై నధికారుల కున్న సందేహములు యువకులకుఁ దెలియనీయక, చీఁకటిలోఁ బుట్టగొడుగులను బెంచునట్లు వారినిఁ బెంచుట నాయకుల పద్ధతియై యుండెను. తెలిసి సమ్మతించుట యొకటి, తెలియనీయఁబడినంతమేరకే సమ్మతించుట మఱియొకటి.

మఱియొక యాక్షేపము శాస్త్రమునుండియే రావచ్చును. కారకత్వము వక్తయొక్క వివక్షపై నాధారపడును. కరణమునుగూడఁ గర్తగాఁ జెప్పవచ్చును. ‘ఈ కలము చక్కఁగా వ్రాయును’ అని లోకమున వ్యవహారము గలదు గదా యని. నిజమే. ఈ వ్యవహారమే యీ వృత్తియందలి యొక మాయకు మూలము. పనివానికి గొప్ప బిరుదు లిచ్చి, ఈ పనికి నీవే యధిపతివని పలుకుట నేఁటి సంస్థలందుఁ బరిపాటి. చక్కఁగా వ్రాయు నని పొగడఁబడిన కలము, వ్రాయ నని పలుకలేదు. వివక్ష మాటను మార్చును, నిలుపుశక్తి నీయదు. కనుకనే మాటఁ బట్టి కాక గుఱుతులఁ బట్టి పరీక్షింపవలెను.

రెండవ గుఱుతైన ప్రతినిధిరాహిత్యమునకుఁ గిడరు గ్రంథముకంటె ఫ్రెడెరిక్ బ్రూక్సు 1975లోఁ బ్రకటించిన ‘ది మిథికల్ మ్యాన్‌మంత్’ మేలైన సాక్ష్యము. ఈయన ఐబీఎమ్ సంస్థలో సిస్టమ్/360 యంత్రములకు వలయు ఓఎస్/360 అను మహాప్రోగ్రాము నిర్మాణమునకు నాయకుఁడై యుండి, యందలి కష్టములఁ దలపోసి యీ వ్యాసములను వ్రాసెను. పనిని మనుష్యుల సంఖ్యచేతను నెలల సంఖ్యచేతను గుణించి లెక్కించుట యెల్లెడల వాడుక. ఆ లెక్క ప్రకారము పదుగురు పండ్రెండు నెలలలోఁ జేయుదానిని నిరువదిమంది యాఱు నెలలలోఁ జేయవలెను. ఆలస్యమైన ప్రోగ్రాము పనికిఁ గ్రొత్తవారినిఁ జేర్చినకొలఁది యాలస్యము హెచ్చునని బ్రూక్సు తేల్చెను. వచ్చినవారికి నేర్పుటకుఁ బాతవారి కాలము పోవును. ఒకరితో నొకరు సంప్రదించుకొనవలసిన జంటలును బెరుగును. అయిదుగు రున్నచో నట్టి జంటలు 10, పదుగురైనచో 45.

నిర్వాహకులు దీనిని బని నడుపుట కొక సూత్రముగా గ్రహించిరి. వ్యాకరణదృష్టికి దీనిలో నింతకంటె గొప్ప యర్థము దోఁచును. పది గొడ్డండ్లున్నచోటఁ బది కూలివారికి వానినిచ్చినఁ జెట్లు త్వరగాఁ బడును. గొడ్డలికి గొడ్డలి ప్రతినిధి. ప్రోగ్రాము వ్రాయువానికి మఱియొకఁడు ప్రతినిధి కాఁడు. వాని మనస్సున నేర్పడిన యర్థము వానితోడనే యుండును. అనఁగా నీ వృత్తియందలివాఁడు స్వభావముచేతనే కర్త. లెక్కపుస్తకము వానినిఁ గరణముగా వ్రాసికొన్నది; పని మాత్రము వానినిఁ గర్తగానే యడుగుచున్నది. దినదినము కర్తవలె నాలోచింపుమనియు, నులివలె మాఱుపలుకకుమనియు రెండాజ్ఞలు నొక్కనిపైనే పడుచున్నవి. కొడి పేరుకొనునది యిచటనే. బ్రూక్సు తన మొదటి ప్రకరణమున నీ వృత్తి యందలి సుఖదుఃఖములను లెక్కించుచు, పరులకు నుపయోగించుదానిని నిర్మించుట సుఖములలోను, తన లక్ష్యములను సాధనములను నితరులే నిర్ణయించుట దుఃఖములలోను జేర్చెను. సంప్రదానము కనఁబడుటచేత సుఖము, స్వాతంత్ర్యము పోవుటచేత దుఃఖము నని యాయన యనుభవమునుండి వచ్చిన మాట శాస్త్రముతో నేకీభవించుచున్నది.

సంప్రదానమును మఱచుటయే కిడరు గ్రంథమునందలి పెద్ద కొఱఁత. అతఁడు న్యూయార్కున జరిగిన కంప్యూటర్ల ప్రదర్శనమునకుఁ బోయి, యీ యంత్రములు సంఘము నెట్లు మార్చునో యొక ప్రకరణమునఁ జర్చించినాఁడు గాని, ఈగిల్ యంత్రమును గొని వాడువాని ముఖము గ్రంథమున దాదాపుగాఁ గానరాదు. యంత్ర మెవని కొఱకు? ఆ యువకులును దీని నడిగినట్లు తోఁపదు. ఈ కొఱఁతను బూరించునది ఎలెన్ ఉల్‌మన్ 1997లోఁ బ్రకటించిన ‘క్లోజ్ టు ది మెషీన్’ అను గ్రంథము. ఆమె స్వయముగాఁ బ్రోగ్రాములు వ్రాయు వృత్తియం దున్నది. కావున నా లోపలి మాట యామెకుఁ దెలియును. ఎయిడ్సు రోగులకు సేవచేయువారికై యొక వ్యవస్థను నిర్మించుచు, దానియందలి తప్పునుగూర్చిన చర్చలో మునిఁగి యా రోగులనే మఱచుట యామె దాఁచక చెప్పెను. వేఱొకచోట నొక చిన్న వ్యాపారి, తనకొఱకు క్రొత్తగాఁ గూర్చిన వ్యవస్థను జూచిన పిమ్మట, చిరకాలముగా నమ్మకముతోఁ గొలిచిన యుద్యోగిని మీటలపై నొక్కు ప్రతి యక్షరమును లెక్కింప వచ్చునా యని యడుగును. ఆమెకు సాయపడవలసిన పని యామెపై నిఘాగా మాఱఁబోవుట చూచి రచయిత్రి తల్లడిల్లును. ఇచట రాత్రి మేల్కొనిన శ్రమ లేదు, గడువుల యొత్తిడి లేదు. అయినను మనస్సు చల్లబడును. తాను గోరని కర్మమునకుఁ దాను గర్త యగుట యిట్టిది. విశ్రాంతి దీనికి మందు కాఁజాలదు.

ఈ మూఁడు గ్రంథములను గలిపి చదువఁగా నేర్పడు సిద్ధాంత మిది. శ్రమాధిక్యము చమురును దగ్గించును. అది విశ్రాంతిచేతఁ బూరింపఁబడును. కొడికి హేతువులు మూఁడు: పనిని నిలుపఁగల శక్తి లేకుండుట, తనకుఁ బ్రతినిధి గలఁడన్నట్లు లెక్కింపఁబడుట, తన పని యెవనిఁ జేరునో కనఁబడకుండుట. మూఁడును గర్తను గరణముగాఁ జేయునవే. సంస్థలు సెలవు లిచ్చి, వినోదములఁ గల్పించి, ధ్యానము నేర్పుట చమురు పోయుటయే. అది మంచిదే గాని, కొడి దులుపక పోసిన చమురు ప్రమిదనుండి పొర్లిపోవును. గడువునుగూర్చి కాదని చెప్ప నధికారము, చేసినవాని పేరు పనితో నిలుచుట, వాడువానితో నప్పుడప్పుడు ముఖాముఖి మాటాడుట యను మూఁడింటిలో నేదియు సంస్థకు మోయరాని వ్యయము కాదు.

కిడరు తన గ్రంథపుఁ జివరఁ బందొమ్మిదవ శతాబ్దపు విమర్శకుఁడైన జాన్ రస్కిన్‌ను స్మరించి, గోథిక్ దేవాలయములఁ గట్టిన శిల్పుల స్వేచ్ఛతో నీ యువకుల శ్రమను బోల్చినాఁడు. పోలిక సగమువఱకే నిలుచును. శిల్పి చెక్కిన రాతిని దర్శించుటకు వచ్చినవారు వాని కన్నులయెదుటనే నిలిచిరి. ఈగిల్ యంత్రము 1980లో ఎక్లిప్స్ ఎమ్‌వీ/8000 అను వేఱు పేరు తాల్చి విక్రేతల చేతులలోనికిఁ బోయెను, బృందము చెదరెను, అది యిఁక నిర్మాతలది కాదని కిడరే గుర్తించినాఁడు. గుర్తించియు నా దుఃఖమునకు హేతువు వెదకక, మరల నాడుటయే ఫలమన్న మాటతోఁ దృప్తిపడినాఁడు. అది ప్రయోజకకర్తకుఁ జెల్లును. ప్రయోజ్యున కెల్లప్పుడును జెల్లదు.

ఇన్ని చెప్పినను దోషముచే గ్రంథగౌరవము తగ్గదు. చీటి వ్రాసి పోయిన యువకుని ముచ్చటను విడువక చేర్చినవాఁడును గిడరే. చూచినదానిఁ జూచినట్లు వ్రాయుటచేతనే విమర్శకునకుఁ దన సిద్ధాంతమునకుఁ బ్రతికూలమైన సాక్ష్యమునుగూడ నిచ్చినాఁడు. డేటా జనరల్ సంస్థ 1999లో ఈఎమ్‌సీ సంస్థలో లీనమయ్యెను. వెస్టు 2011లో మరణించెను. ఆ యంత్రముకంటె దానిఁ జేసినవారి కథ యెక్కువకాలము నిలిచినది. ఈ వృత్తియందుఁ జేరఁబోవు తెలుఁగు యువకులును, వారి తలిదండ్రులును బ్రూక్సు, ఉల్‌మన్‌ల గ్రంథములతోఁ గూడ దీనిఁ జదువఁదగును. పండుగకు వచ్చి నిదురలేచియు నలసితి ననెడు బిడ్డను, ఎంత పని చేసితి వని యడుగుటకు మాఱుగా, ఆ పనిలో నీ మాట యెంత చెల్లె నని యడుగుట కీ పఠనము తోడ్పడును.